డీఎస్ఐపీ: ఒక బ్యాచ్ ఎలుకలు నిద్రపోయాయి, రెండో బ్యాచ్‌లో ఏమీ లేదు. తప్పెక్కడ?

రాత్రిబెంచి · సోమవారం, రాత్రి 11:52

అందరికీ నమస్కారమండీ. హైదరాబాద్‌లో పీహెచ్‌డీ రెండో ఏడు. ఎలుకల్లో నిద్ర మీద పని. డెల్టా నిద్ర, అంటే గాఢనిద్ర, తెప్పిస్తుందని పేరున్న డీఎస్ఐపీ అనే పెప్టైడ్‌ని (అమైనో ఆమ్లాల చిన్న గొలుసు) సన్నటి గొట్టం గుండా మెదడు కోష్ఠంలోకి ఇచ్చి, ఈఈజీలో మెదడు తరంగాలు చూస్తున్నాం. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉంది.

మొదటి బ్యాచ్‌లో 6 ఎలుకలకి ఇచ్చాను. గాఢనిద్ర బాగా పెరిగింది. ఈఈజీ తెర మీద ఆ పెద్ద పెద్ద నెమ్మది తరంగాలు వరసగా వస్తుంటే కూర్చున్న చోటు నుంచి లేవబుద్ధి కాలేదు. ఆరు వారాలయ్యాక అదే ద్రావణం ఇంకో 6 ఎలుకలకి ఇచ్చాను. ఏమీ లేదు. సెలైన్ ఇచ్చిన ఎలుకలకీ వీటికీ తేడా కనబడలేదు. నాలుగు రోజులుగా అన్నం సహించడం లేదు.

5 మిల్లీగ్రాముల పొడిని 5 మిల్లీలీటర్ల కృత్రిమ సీఎస్ఎఫ్‌లో, అంటే మెదడు ద్రవాన్ని పోలిన ఉప్పునీళ్లలో, కలిపాను. అది మా ల్యాబ్‌లోనే చేసుకుంటాం. 4 డిగ్రీల ఫ్రిజ్‌లో ఒకే ట్యూబులో పెట్టాను. కలిపాక ఇది ఎన్నాళ్లు నిలుస్తుందో తెలిసినవాళ్లు చెప్పండి.

పాతపిపెట్ · మంగళవారం, ఉదయం 6:10

అమ్మా, ముందు అన్నం తిను. ఎలుకలు ఎక్కడికీ పోవు.

ఇరవై ఆరేళ్లుగా పెప్టైడ్లు చేసే చోటే ఉన్నాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. కలిపిన పెప్టైడ్‌ని 4 డిగ్రీల దగ్గర ఆరు వారాలు ఉంచకూడదు. పొడిగా, తేమ తగలకుండా మైనస్ 20లో ఉంటే ఏళ్ల తరబడి ఉంటుంది. నీళ్లు తగిలిన క్షణం నుంచి దాని ఆయుష్షు వేరు. కలిపిన రోజే చిన్న చిన్న ట్యూబుల్లోకి, ఒక రోజు వాడకానికి సరిపడా పంచేసి, మైనస్ 80లో పెట్టాలి. ఒక ట్యూబు కరిగించావంటే ఆ రోజుతో దాని పని సరి, మళ్లీ గడ్డకట్టించకు. దానంతట అదే మంచు కరిగించుకునే ఇంటి రకం ఫ్రీజర్ అసలు వద్దు. అది రోజూ కాస్త వేడెక్కి మళ్లీ చల్లబడుతుంది, మనకి తెలియనే తెలియదు.

వయల్ తెరిచేటప్పుడు ఏం చేశావు? చాలామంది పిల్లలు ఫ్రీజర్‌లోంచి తీసిన వెంటనే మూత విప్పేస్తారు. చల్లటి గాజు మీద గదిలోని తేమ పట్టేస్తుంది, తెల్లటి పొడి కళ్లముందే జిగటగా అయిపోతుంది. గంటసేపు డెసికేటర్‌లో, అంటే తేమ లేని మూతపెట్టెలో, ఉంచి, గది వేడికి వచ్చాక, సెంట్రిఫ్యూజ్‌లో ఒక్క నిమిషం తిప్పి అప్పుడు తెరవాలి. మూతకి అంటుకున్నది కిందకి దిగుతుంది. 5 మిల్లీగ్రాములంటే ఎంతమ్మా, చిటికెడు కూడా ఉండదు. మూతకి అంటుకున్నదే నీ ప్రయోగం కావచ్చు.

ఓరుగల్లుబిడ్డ · మంగళవారం, ఉదయం 9:35

పిపెట్ సార్ చెప్పింది కరెక్టే. నేను ఫార్మాల క్వాలిటీ కంట్రోల్ చేస్త, శుద్ధి చూసే హెచ్‌పీఎల్‌సీ, అణువుల బరువు చూసే మాస్ స్పెక్ నా రోజు పని. చెల్లె, ఒకటి అడుగుత. సీసా మీద 5 మిల్లీగ్రాములని ఉంటే అది మొత్తం పెప్టైడే అనుకున్నవా?

సీసాల పెప్టైడ్‌తోని పాటు, తయారీల వాడే టీఎఫ్ఏ అనే ఆమ్లం ఉప్పుగ ఉంటది, తేమ ఉంటది. కాగితం మీద 98 శాతం శుద్ధి అని రాస్తరు. అది హెచ్‌పీఎల్‌సీల కనబడే శిఖరాల లెక్క. ఉప్పు, నీళ్లు ఆ లెక్కలకు రావు. అసలు పెప్టైడ్ ఎంతున్నదో వేరేగ చూసుకోవాలె.

డీఎస్ఐపీకి తొమ్మిది అమైనో ఆమ్లాలు: ట్రిప్టోఫాన్, అలనిన్, గ్లైసిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం, అలనిన్, సెరిన్, గ్లైసిన్, గ్లుటామిక్ ఆమ్లం. అణుభారం 848.8. ఇండ్ల లైసిన్ లేదు, ఆర్జినిన్ లేదు, హిస్టిడిన్ లేదు. టీఎఫ్ఏ పట్టుకునేటందుకు మొదటి కొసన ఒక్క అమైన్ గుంపే ఉన్నది. ఒక అణువుకు ఒక టీఎఫ్ఏ అంటే బరువుల 12 శాతం దాక అదే. పైన తేమ కలుపుకుంటే 5కి 4 చిల్లర వస్తే మంచిగ వచ్చినట్టే.

మొదట్ల ఉన్న ట్రిప్టోఫాన్ 280 నానోమీటర్ల దగ్గర వెలుతురును పీల్చుకుంటది, దాని మోలార్ గుణకం 5500 వేసుకో. లీటరుకు గ్రాము లెక్కన పూర్తి పెప్టైడ్ ఉంటే 6.5 దాక రావాలె. నీ ద్రావణాన్ని పదింతలు పలచన చేసి చూడు. 0.65 వస్తే సీసా మీద రాసింది నిజం. ఎంత తక్కువొస్తే అంత ఉప్పు, నీళ్లు. మాస్ స్పెక్ కూడ పెట్టియ్యి. మంచిగుంటే 849.3 దగ్గర శిఖరం రావాలె.

డల్లాస్‌తెలుగు · మంగళవారం, రాత్రి 8:20

నేను మెదడుని మెలకువగా ఉంచే ఒరెక్సిన్ అనే పెప్టైడ్ మీద పనిచేస్తున్నాను. డీఎస్ఐపీ చేతికి తీసుకున్నవాళ్లు దాని కథ తెలుసుకుని తీరాలని నా పట్టుదల, కాస్త ఓపిగ్గా చదవండి.

1970లలో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో మోనియే, షోనెన్‌బెర్గర్ బృందం కుందేళ్ల మెదడు లోపలి థాలమస్ అనే భాగానికి సన్నగా విద్యుత్తు ఇచ్చి నిద్రపుచ్చారు. ఆ నిద్రలో మెదడు నుంచి వచ్చే సిర రక్తాన్ని డయాలిసిస్ చేసి, ఆ ద్రవాన్ని వేరే కుందేళ్ల మెదడులోకి ఎక్కించారు. వాటిలోనూ డెల్టా తరంగాలు పెరిగాయి. ఆ ద్రవాన్ని వడగట్టుకుంటూ పోయి చివరికి ఈ తొమ్మిది అమైనో ఆమ్లాల గొలుసు పట్టారు. 1977లో దాని క్రమం ప్రచురించారు. చదివితే ఒళ్లు పులకరించే పని అది.

కానీ ఆ తర్వాత? దీన్ని తయారుచేసే జన్యువు దొరకలేదు. ఇది వెళ్లి కూర్చునే రిసెప్టర్ దొరకలేదు. కొందరికి నిద్ర వచ్చింది, కొందరికి రాలేదు. 2006లో దీని మీద వచ్చిన ఒక సమీక్ష శీర్షికలోనే 'ఇంకా విడని చిక్కుముడి' అన్నారు. 1992లో దీర్ఘకాలం నిద్ర పట్టనివాళ్ల మీద చేసిన డబుల్ బ్లైండ్ అధ్యయనం కూడా పెద్దగా ప్రయోజనం ఉండేలా లేదనే తేల్చింది.

ఒరెక్సిన్ దారి వేరు. 1998లో ఇక్కడ డల్లాస్‌లో యనగిసావా, సకురాయ్ బృందం ఒకవైపు, కాలిఫోర్నియాలో ఇంకో బృందం మరోవైపు కొన్ని వారాల తేడాతో కనిపెట్టారు. కాలిఫోర్నియావాళ్లు దానికి హైపోక్రెటిన్ అని పేరు పెట్టారు. జన్యువూ, రెండు రిసెప్టర్లూ చేతికొచ్చాయి. మరుసటి ఏడే స్టాన్‌ఫోర్డ్‌లో, ఉన్నట్టుండి కుప్పకూలి పడిపోయే డాబర్‌మన్ కుక్కల్లో రెండో రిసెప్టర్ జన్యువు చెడిందని తేలింది. 2000లో, పగలే ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే నార్కొలెప్సీ రోగుల్లో ఎక్కువమంది మెదడు ద్రవంలో ఆ పెప్టైడే కనబడలేదు. 2014కల్లా దాన్ని అడ్డుకునే నిద్రమాత సువోరెక్సాంట్‌కి అమెరికాలో అనుమతి వచ్చేసింది. పదహారేళ్లు!

రాత్రిబెంచి గారూ, మిమ్మల్ని నిరుత్సాహపరచాలని కాదు. రిసెప్టర్ తెలియని పెప్టైడ్‌తో చిక్కు ఏమిటంటే, 'దీనివల్లే నిద్ర వచ్చింది' అని రుజువు చేయడానికి అడ్డుకునే మందు మన దగ్గర ఉండదు. మీకున్న ఆధారమల్లా కంట్రోళ్లే, అంటే పోలిక కోసం పెప్టైడ్ ఇవ్వని ఎలుకలే. మీ కంట్రోల్ ఎలుకలకి సరిగ్గా ఏమిచ్చారో రాస్తారా?

నిదురరాదు · బుధవారం, వేకువ 3:05

మధ్యలో వచ్చినందుకు క్షమించండి. నేను సైంటిస్టుని కాను, అమెరికా క్లయింట్లకి రాత్రి షిఫ్ట్ చేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. రెండేళ్లుగా సరైన నిద్ర లేదు. ఇదే డీఎస్ఐపీ ఆన్‌లైన్‌లో దొరికితే తెప్పించుకున్నాను. సీసా మీద 'పరిశోధనకు మాత్రమే' అని ఉంది. కలిపి ఫ్రిజ్ తలుపులో పెట్టుకుని మూడు వారాలుగా పొట్ట దగ్గర సూది వేసుకుంటున్నాను. మొదట్లో ఏమీ అనిపించలేదు. ఈ వారం మాత్రం మొద్దునిద్ర పట్టింది. ఇక్కడేమో ఇది పనిచేయదంటున్నారు. మరి నాకెందుకు పట్టింది? మోతాదు ఎంతుంటే మంచిదో ఎవరైనా చెప్తారా?

గుంటూరుడాక్టర్ · బుధవారం, ఉదయం 7:45

నిదురరాదు గారూ, నేను న్యూరాలజిస్టుని. ఈరోజు నుంచి ఆ సూది ఆపేయండి. మోతాదు ఎవరూ చెప్పరు, చెప్పకూడదు కూడా. మనుషులకి మందుగా దీనికి సరైన మోతాదంటూ ఎవరూ నిర్ణయించలేదు. ఎమిడెల్టైడ్ అన్నా ఇదే. 2023లో అమెరికా ఎఫ్‌డీఏ దీన్ని ఫార్మసీల్లో కలిపి ఇవ్వడానికి భద్రతాపరంగా అనుమానమున్న పదార్థాల జాబితాలో పెట్టింది. శరీరం దీని మీద యాంటీబాడీలు తయారుచేసుకునే ప్రమాదం వాళ్లు చెప్పిన కారణాల్లో ఒకటి.

నాకు ఇంకో మూడు సంగతులు చెప్పండి. గురక ఉందా? సూది వేసుకున్న చోట ఎర్రగా, గట్టిగా ఏమైనా ఉందా? ఈ వారం జ్వరం కానీ వణుకు కానీ వచ్చిందా?

రాత్రిబెంచి · బుధవారం, రాత్రి 10:15

ఓరుగల్లు అన్నా, మీరు చెప్పినట్టే చేశాను. పదింతలు పలచన చేస్తే 0.53 వచ్చింది. అంటే 5 మిల్లీగ్రాముల్లో 4.1 పెప్టైడ్ అనుకోవచ్చు కదా? ఇది చూసి ద్రావణం బాగానే ఉందనుకుని ప్రాణం లేచొచ్చింది.

తర్వాత మాస్ స్పెక్ వచ్చింది. 849.3 ఉంది కానీ చాలా చిన్నది. 865.3 దగ్గర ఒకటి. అన్నిటికంటే పెద్దది 663.3 దగ్గర. అదేమిటో అర్థం కాలేదు.

ఓరుగల్లుబిడ్డ · బుధవారం, రాత్రి 11:02

చెల్లె, 0.53 నిన్ను మోసం చేసింది. తప్పు నాదే, ముందే చెప్పాల్సుండె. 280 దగ్గర చూస్తే ట్రిప్టోఫాన్ ఎంతున్నదో తెలుస్తది. అది పెప్టైడ్‌కు అంటుకునే ఉన్నదా, తెగిపోయి నీళ్లల్ల విడిగ తిరుగుతున్నదా అన్నది తెల్వది.

865 అంటే 16 పెరిగింది, ఒక ఆక్సిజన్ ఎక్కింది. ఈ పెప్టైడ్‌ల మెథియోనిన్ లేదు, సిస్టీన్ లేదు. ఇంక ఆక్సిజన్ పట్టేటిది ట్రిప్టోఫానే. వెలుతురు, గాలి తగిలితే అట్లనే అయితది. ట్యూబుకు అల్యూమినియం రేకు చుట్టాలె, నీళ్లల్ల నైట్రోజన్ పంపి గాలి తీసెయ్యాలె. దానికి పరిష్కారం ఉన్నది.

663 చూసినంక మాత్రం నాకు నిద్ర పట్టేటట్టు లేదు. 849 లకెల్లి 186 పోతే 663. 186 అంటే సరిగ్గ ఒక్క ట్రిప్టోఫాన్. మొదటి కొసన ఒక్కటే కోసేసిండ్రు, మిగిలిన ఎనిమిది అట్లనే ఉన్నయి. ఎంజైమ్ లేకుండ దానంతట అదే తెగాలంటే మొదటి రెండూ కలిసి ఉంగరం లెక్క ముడుచుకొని జంటగ ఊడుతయి. ఒక్కటే ఊడిందంటే అది మొదటి కొస నుంచి ఒక్కొక్కటే కోసే ఎంజైమ్, అమినోపెప్టిడేజ్ పని. రక్తంల పోసినా డీఎస్ఐపీ కొన్ని నిమిషాలల్ల గిట్లనే తెగుతది.

మరి నీ ట్యూబుల రక్తం లేదు. ఎంజైమ్ యాడికెల్లి వచ్చింది? నీ ద్రావణంల ఏదో బతికింది చెల్లె. ట్యూబును వెలుతురుకు పట్టి ఊపి చూడు.

రాత్రిబెంచి · బుధవారం, రాత్రి 11:40

ఇప్పుడే చూసి వచ్చాను. కిటికీ పక్కన పెట్టి చూస్తే ఏమీ లేదనిపించింది. నల్ల కాగితం వెనక పెట్టి, ఫోన్ టార్చ్ వేసి మెల్లగా తిప్పితే అడుగు నుంచి సన్నటి పొగలా ఒక తీగ లేచింది. రెండు క్షణాల్లో కలిసిపోయింది. ఇన్నాళ్లూ దీన్నే ఎలుకల మెదడులోకి ఇచ్చాను. చేతులు వణుకుతున్నాయి.

డల్లాస్‌తెలుగు · గురువారం, ఉదయం 5:30

రాత్రిబెంచి గారూ, మీరు దాచకుండా రాసినందుకు మీ మీద గౌరవం పెరిగింది. రెండో బ్యాచ్ ఎందుకు నిద్రపోలేదో తెలిసింది. దానిలో పెప్టైడ్ మిగల్లేదు. నా అనుమానం ఇప్పుడు మొదటి బ్యాచ్ మీద. వాటి శరీర ఉష్ణోగ్రత రికార్డు ఉందా? కంట్రోల్ ఎలుకలకి ఏమిచ్చారో కూడా ఇంకా రాయలేదు మీరు.

రాత్రిబెంచి · గురువారం, ఉదయం 9:10

కడుపులో పెట్టిన ట్రాన్స్‌మీటర్ నుంచి వస్తుంది, కానీ ఇంతవరకు తెరిచి చూడలేదు. ఇప్పుడు చూశాను. పెప్టైడ్ ఇచ్చిన ఆరింటిలో ఐదింటికి రెండు గంటల్లో 0.8 డిగ్రీల దాకా పెరిగింది. కంట్రోళ్లకి లేదు. రెండో బ్యాచ్‌కి గొట్టం కొసన ఒక వడపోత డిస్క్ పెట్టి ఇచ్చాను, వాటికి 0.3 మాత్రమే.

కంట్రోళ్లకి ఇచ్చింది... ఆసుపత్రి సెలైన్ బాటిల్ కొత్తది తెరిచి ఇచ్చాను. పెప్టైడ్ కలిపింది మాత్రం ల్యాబ్ కృత్రిమ సీఎస్ఎఫ్‌లో. రాస్తుంటేనే తెలుస్తోంది.

డల్లాస్‌తెలుగు · గురువారం, ఉదయం 10:25

అదేనండీ. మీ రెండు గుంపుల మధ్య తేడా పెప్టైడ్ ఒక్కటే కాదు, నీళ్లు కూడా.

నిద్ర పరిశోధనలో ఇది పాత గాయం. హార్వర్డ్‌లో పాపెన్‌హైమర్ బృందం నిద్ర లేకుండా ఉంచిన మేకల మెదడు ద్రవం తీసి వేరే జంతువులకి ఇస్తే నిద్ర పెరిగింది. దానికి 'ఫ్యాక్టర్ ఎస్' అని పేరు పెట్టి, ఏళ్ల తరబడి శుద్ధి చేసుకుంటూ పోయారు. 1980ల మొదట్లో తేలిందేమిటంటే అది మురామిల్ పెప్టైడ్, అంటే బ్యాక్టీరియా గోడ ముక్క. దాని వెంటపడి క్రూగర్ వంటివాళ్లు ఇంకా ముందుకెళ్లారు. బ్యాక్టీరియా ముక్క తగిలితే ఒంట్లో ఇంటర్‌ల్యూకిన్-1 లాంటి రోగనిరోధక సంకేతాలు పెరుగుతాయి, వాటివల్ల గాఢనిద్ర పెరుగుతుంది. జ్వరమొచ్చినప్పుడు మనం మగతగా పడుకోవడం ఇదే. గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా పైపొరలో ఉండే ఎండోటాక్సిన్ కూడా చిన్న మోతాదులో అంతే చేస్తుంది. డెల్టా తరంగాలు అచ్చం మీరు చూసినట్టే పెరుగుతాయి.

అంటే నిద్ర పెప్టైడ్ మీద పనిచేసేవాళ్లకి మురికి నీళ్లే నిద్రమందు అయిపోగలవు. గుండె మీదో కాలేయం మీదో పనిచేసేవాళ్లకి మురికి ఉంటే ప్రయోగం చెడుతుంది. మనకి మాత్రం మురికి ఉంటే ప్రయోగం గెలిచినట్టు కనబడుతుంది. ఈ మాట నాకు మొదటి ఏడాదిలోనే ఎవరైనా చెప్పుంటే ఎంత బాగుండేదో.

ఎండోటాక్సిన్ ఉందో లేదో చెప్పే లిములస్ పరీక్ష చేయించండి. గుర్రపునాడా పీత రక్తంలోని కణాలతో చేసేది. సీఎస్ఎఫ్ బాటిల్, నీళ్ల బాటిల్, తెరవని పొడి వయల్, మూడూ విడివిడిగా.

నిదురరాదు · గురువారం, ఉదయం 11:15

డాక్టర్ గారూ, మీరడిగిన ప్రశ్నలకి నిన్న జవాబు రాయలేదు, పెద్ద విషయం కాదనుకున్నాను. పైది చదివాక రాస్తున్నాను. ఈ వారం సూది వేసుకున్న గంట గంటన్నరకి చలి పుట్టింది. రెండు దుప్పట్లు కప్పుకున్నాను. ఒళ్లు నొప్పులు. ఆ తర్వాతే ఆ మొద్దునిద్ర. మందు పనిచేస్తోందని సంతోషపడ్డాను. పొట్ట మీద ఎడమవైపు రూపాయి బిళ్లంత ఎరుపు ఉంది. గురక ఉందని మా ఆవిడ ఎప్పటినుంచో అంటోంది.

గుంటూరుడాక్టర్ · గురువారం, ఉదయం 11:28

ఈరోజే, ఇప్పుడే దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లండి. పొట్ట చూపించండి, సూది సంగతి ఏమీ దాచకుండా చెప్పండి, రక్తపరీక్ష చేయమనండి. ఆ సీసా పారేయకండి, కవర్లో పెట్టి వెంట తీసుకెళ్లండి. మీకొచ్చింది పెప్టైడ్ ఇచ్చిన నిద్ర కాదు, ఒంట్లో దేనితోనో పోరాటం జరుగుతున్నప్పుడు వచ్చే మగత అని నా అనుమానం. మీ ఫ్రిజ్ తలుపులో మూడు వారాలున్న సీసాలో ఏముందో ఎవరికీ తెలియదు.

అది తగ్గాక అసలు సమస్య సంగతి చూద్దాం. గురక ఉంది కాబట్టి ముందు స్లీప్ స్టడీ చేయించాలి. నిద్రలో ఊపిరి ఆగుతూ ఉంటే మనిషి రాత్రంతా పడుకున్నా పడుకోనట్టే ఉంటుంది. అది లేదని తేలితే, దీర్ఘకాలపు నిద్రలేమికి మొదట ఇవ్వాల్సింది సూదీ మాత్రా కాదు. సీబీటీ-ఐ అని కొన్ని వారాలపాటు పడుకునే వేళల్నీ, మంచం మీది అలవాట్లనీ, నిద్ర రాదేమోనన్న భయాన్నీ సరిచేసే పద్ధతి ఉంది. షిఫ్ట్ వేళల్ని బట్టి దాన్ని మార్చుకోవచ్చు.

పాతపిపెట్ · గురువారం, మధ్యాహ్నం 2:40

తమ్ముడూ, ముందు ఆసుపత్రికి వెళ్లు. వచ్చాక ఇక్కడ ఒక్క ముక్క రాయి.

అమ్మా రాత్రిబెంచీ, ఒకటి గుర్తుపెట్టుకో. ఆవిరి ఒత్తిడితో ఆటోక్లేవ్ చేశాం కదా అని ధైర్యపడకు. ఆటోక్లేవ్‌లో బ్యాక్టీరియా చస్తుంది, దాని ఎండోటాక్సిన్ చావదు. మామూలు 0.22 మైక్రాన్ల ఫిల్టర్ కూడా బతికున్నవాటినే ఆపుతుంది, విడిగా ఉన్న ఎండోటాక్సిన్‌లో చాలావరకు దాటిపోతుంది. రెండో బ్యాచ్‌కి నువ్వు పెట్టిన డిస్క్ ఎండోటాక్సిన్‌ని కూడా పట్టే రకం అయ్యుంటుంది, అందుకే వాటికి వేడీ నిద్రా అంతగా రాలేదేమో. గాజు సామాను 250 డిగ్రీల పొడి వేడిలో కనీసం అరగంట ఉంచాలి. నీళ్లు ఇంజెక్షన్‌కి పనికొచ్చేవి కొనుక్కోవాలి. మెదడులోకి ఇచ్చేదానికి హద్దు చాలా చిన్నది: మనుషుల్లో రక్తనాళంలోకి కిలోకి గంటకి 5 యూనిట్ల ఎండోటాక్సిన్ దాకా ఒప్పుకుంటే, వెన్నుద్రవంలోకి ఇచ్చేవాటికి 0.2 మాత్రమే. బెంజైల్ ఆల్కహాల్ కలిసిన బాక్టీరియోస్టాటిక్ నీళ్లు కూడా మెదడులోకి వద్దు.

మా ల్యాబ్‌లో ఇదే నీళ్ల బాటిల్ వల్ల ఒకమ్మాయి ఏడాది పని పోయింది. ఎవరూ ఆమెకి చెప్పలేదు. అందుకే పొద్దున్నే లేచి నీకు రాస్తున్నాను.

నిదురరాదు · శుక్రవారం, రాత్రి 9:50

వెళ్లానండీ. చర్మం కింద ఇన్ఫెక్షన్ అన్నారు. యాంటీబయాటిక్ ఇచ్చారు, ఇంకా చీము పట్టలేదు కాబట్టి కోయక్కర్లేదన్నారు. సీసా అక్కడే ఇచ్చేశాను. స్లీప్ స్టడీకి వచ్చే శనివారం రమ్మన్నారు. మీరంతా నాకు ఏమీ కారు, కానీ ఇంట్లోవాళ్లకంటే ముందు మీరే అడిగారు.

రాత్రిబెంచి · మరుసటి బుధవారం, సాయంత్రం 6:30

లిములస్ ఫలితం వచ్చింది. తెరవని పొడి వయల్‌లో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. నీళ్ల బాటిల్, సీఎస్ఎఫ్ బాటిల్ రెండూ పాజిటివ్. ఆ బాటిల్‌ని కడిగి మళ్లీ మళ్లీ నింపుకుంటూ వాడుతున్నామని ఇప్పుడే తెలిసింది.

మా గైడ్ గారికి అన్నీ చూపించాను. మొదటి బ్యాచ్ గ్రాఫు ఆయన తన గది గోడకి అంటించుకున్నారు. ఏమీ అనలేదు, లేచి దాన్ని తీసేశారు. తర్వాత 'అయితే సరిగ్గా చేద్దాం' అన్నారు.

ఈసారి నాలుగు గుంపులు: డీఎస్ఐపీ, అవే అమైనో ఆమ్లాలు తారుమారు చేసిన పెప్టైడ్, అదే సీఎస్ఎఫ్ ఒట్టిది, ఏమీ ఇవ్వనివి. పొడి ఈరోజు వచ్చింది. డెసికేటర్‌లో గంట ఉంచి, తిప్పి, ఎర్ర దీపం కింద కలిపి, 40 ట్యూబుల్లో పంచి రేకు చుట్టి మైనస్ 80లో పెట్టాను. ప్రతి ట్యూబు మీదా తేదీ రాశాను. ఒక ట్యూబు మాస్ స్పెక్‌కి పంపాను. ఓరుగల్లు అన్నా, 849.3 ఒక్కటే వచ్చింది.